మానిటర్‌లో ‘అర్థం’, ‘అర్ధం’ ఒకేలా కనిపిస్తున్నాయి. తప్పు ఎవరిది?

పీజీ_ప్రసాదు (మారతహళ్ళి):
అన్నలూ, నేను ఇంటి నుంచి తెలుగు సబ్‌టైటిళ్ళకి ప్రూఫ్ చూస్తుంటాను. పోయిన నెల బెంగళూరు ఎస్పీ రోడ్డులో 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్ కొన్నా. లాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపా. ఇంగ్లీషు ఫర్వాలేదు. తెలుగు వత్తులే అలికేసినట్టు ఉన్నాయి. థ వత్తులో చుక్క కనబడక నిన్న ‘అర్థం’ ఉండాల్సిన చోట ‘అర్ధం’ వదిలేశా. క్లయింట్ చీవాట్లు పెట్టాడు. రిజల్యూషన్ 1920×1080, స్కేలింగ్ 100 శాతం, విండోస్‌లో అక్షరాలు నునుపు చేసే క్లియర్‌టైప్ రెండుసార్లు సరిచేశా. కళ్ళ డాక్టరేమో పవర్ మారలేదన్నారు.

కేబుల్_సీనన్న:
కేబుల్ మార్చు తమ్ముడూ. నాదీ ఇలాగే ఆరు నెలలు ఏడిపించింది. కొత్తది వేయగానే అద్దంలా అయిపోయింది.

చుక్కల_లెక్క (వైట్‌ఫీల్డ్):
సీనుగారూ, హెచ్‌డీఎంఐలో వెళ్ళేది డిజిటల్ సిగ్నల్. కేబుల్ పాడైతే తెర ఉండుండి నల్లబడుతుంది, మెరుపు చుక్కలు వస్తాయి. అక్షరం మసకబారదు. అసలు జబ్బు సైజుది. 24 అయినా 27 అయినా ఫుల్ హెచ్‌డీ అంటే అవే 20 లక్షల 73 వేల పిక్సెళ్ళు, అంటే తెర మీది చుక్కలు. అంగుళానికి 24లో 92 పడితే, 27లో 82. గరిటెడు పిండితో పెనమంత దోసె పోస్తే చిల్లులు పడవా? 2560×1440 కొనుంటే 109 వచ్చేవి.

కేబుల్_సీనన్న:
లెక్కలు కాదండీ, నేను కళ్ళారా చూశాను.

ఇడ్లీ_ఒకటి_వడ_రెండు:
సీనన్నా, మీది ఏ కేబుల్?

కేబుల్_సీనన్న:
వీజీఏ. అయితే ఏంటి, కేబుల్ కేబులే.

ఇడ్లీ_ఒకటి_వడ_రెండు:
దండం అన్నా.

చుక్కల_లెక్క:
వీజీఏ అనలాగ్ మహాప్రభో! దాంట్లో మసక మామూలే. ప్రసాదుది హెచ్‌డీఎంఐ. ఆ మానిటర్ అమ్మేసి 1440ది తీసుకోమనండి.

పీజీ_ప్రసాదు:
ఇప్పుడు ఇంకోటి కొనే స్తోమత లేదన్నా. వాపసు గడువు కూడా దాటింది.

కేబుల్_సీనన్న:
విన్నారా? డబ్బు మీరిస్తారా లెక్కగారూ?

చుక్కల_లెక్క:
ఇక్కడ పైన పిన్ చేసిన ‘మొదటి మానిటర్’ పోస్టు ఎవరిది? మీదే కదా! ‘27 తీసుకోండి, ఫుల్ హెచ్‌డీ చాలు’ అని రాశారు. రెండేళ్ళ కిందట అది చదివే నేను కొన్నా. పొద్దుగూకేసరికి తలనొప్పి. కళ్ళజోడు మార్చా, కుర్చీ మార్చా, చివరికి సగం ధరకి అమ్మేశా. ఇప్పుడీ కుర్రాడికీ అదే గతి. మీరు కేబుల్ కేబుల్ అంటుంటే ఒళ్ళు మండదా?

కేబుల్_సీనన్న:
అది ఎవరి కోసం రాశానో చూడండి. పీజీలో గదికి ముగ్గురు, మంచం మీదే లాప్‌టాప్, మెడలు పట్టేసిన పిల్లలు. పనికీ సినిమాకీ ఒకటే తెర వాళ్ళకి. మీలా కంపెనీ బిల్లు కట్టదు.

చుక్కల_లెక్క:
నాకూ కట్టలేదు. డబ్బు తక్కువున్నవాడికి 24 చెప్పొచ్చుగా, అదింకా చవక!

కేబుల్_సీనన్న:
అడిగేవాళ్ళందరూ పెద్దదే అడుగుతారు. అడిగింది చెప్పాను.

చుక్కల_లెక్క:
అడిగింది చెప్పడానికి కొట్టువాడు చాలు, మీరెందుకు?

మైసూర్‌పాక్_మాధవి (బీటీఎం):
మీ పంచాయితీ తర్వాత. ప్రసాద్, ఒక స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌లో చూడు. అక్కడా మసగ్గా ఉంటే విండోస్ సంగతి. అక్కడ బాగుంటే తేడా మానిటర్‌లోనో, దానికి వెళ్ళే సిగ్నల్‌లోనో. తర్వాత నల్ల తెర మీద ఎర్ర అక్షరాలు పెట్టు. లాప్‌టాప్ ఒక్కోసారి మానిటర్‌ని టీవీ అనుకుని బొమ్మని 4:2:2 అనే పద్ధతిలో పంపుతుంది. వెలుగు వివరం మొత్తం వెళ్తుంది, రంగుది సగమే. క్లియర్‌టైప్ అక్షరాల అంచులు దిద్దేది రంగులతోనే కాబట్టి అవి చెదిరిపోతాయి. గ్రాఫిక్స్ సెట్టింగుల్లో రంగు కూడా మొత్తం వెళ్ళే ఆర్‌జీబీ పెట్టు.

పీజీ_ప్రసాదు:
అక్కా, ఫోన్‌లో చుక్క ఉంది! ఎర్ర అక్షరాలు రంగు దిగిన చీరలా ఉన్నాయి. చూస్తే 4:2:2యే. ఆర్‌జీబీకి మార్చా. మానిటర్‌లో షార్ప్‌నెస్ 100 ఉంటే 50కి తెచ్చా. ఇప్పుడు ‘అర్థం’ అర్థమవుతోంది. దగ్గరికి జరిగితే మాత్రం అక్షరాలు మెట్లు మెట్లుగా ఉన్నాయి.

చుక్కల_లెక్క:
ఆ మెట్లే నేను చెప్పింది.

కేబుల్_సీనన్న:
కేబుల్‌లో వెళ్ళేదే కదా తప్పింది? నేనన్నదీ అదే.

ఇడ్లీ_ఒకటి_వడ_రెండు:
మరి పిన్ చేసిన పోస్టు?

కేబుల్_సీనన్న:
24 అని రాత్రికి చేరుస్తా. 27 మాత్రం తీసేయను.