హెడ్‌లైనర్ వెనక ఫోమ్ లేదని రీకాల్ లెటర్: రిపేరయ్యే దాకా పిల్లల్ని ఎక్కడ కూర్చోబెట్టాలి?

గోదారి_ఆస్టిన్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా ఎస్‌యూవీకి రీకాల్ లెటర్ వచ్చింది. రెండో వరస డోర్ల పైన, హెడ్‌లైనర్ (బండి పైకప్పు లోపలి గుడ్డ కప్పు) వెనక ఉండాల్సిన ఎనర్జీ అబ్జార్బింగ్ ఫోమ్, అంటే దెబ్బని పీల్చుకునే ఫోమ్, కొన్ని బళ్ళలో అతికించకుండానే ఫ్యాక్టరీ దాటిందట. అమెరికా వాహన భద్రతా ప్రమాణం ఎఫ్‌ఎమ్‌వీఎస్‌ఎస్ 201కి సరిపోదు కాబట్టి డీలరు ఉచితంగా విప్పి చూసి, ఫోమ్ లేకపోతే హెడ్‌లైనర్ మారుస్తారని రాశారు. పార్టులు ఇంకా రాలేదు, వచ్చాక రెండో లెటర్ పంపుతారట.

పక్క కిటికీల మీదుగా పైనుంచి తెరుచుకునే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉండగా ఈ ఫోమ్ ఎందుకు? అంచు కొంచెం కిందికి లాగి మనమే ఒక ఫోమ్ ముక్క అతికించుకోవచ్చా? బూస్టర్‌లో (ఎత్తు కోసం వేసే పిల్లల సీటు) కూర్చునే పాప, హార్నెస్ సీట్లో (సొంత పట్టీలున్న పిల్లల సీటు) ఉండే బాబు ఉన్నారు, అప్పటిదాకా వాళ్ళని ఎటు కూర్చోబెట్టాలి? విజయవాడలో మా తమ్ముడిదీ ఇదే మోడల్. వాడి బండికీ ఇది వర్తిస్తుందా?

క్రాష్‌ల్యాబ్_మిషిగన్

ముందు ఆ ఫోమ్ పనేమిటో చెప్తాను, మిగతావి దాన్నిబట్టే తేలతాయి.

201లో రెండు భాగాలున్నాయి. పాత భాగం డాష్‌బోర్డు, సీటు వెనకభాగం లాంటి వాటికి. 1995లో చేర్చిన భాగం తలకి తగిలే పైభాగానికి: పిల్లర్లు (పైకప్పుని మోసే నిలువు స్తంభాలు), రూఫ్ సైడ్ రైళ్ళు (డోర్ల పైన ఉండే కమ్మీలు), ముందు వెనక హెడర్లు (అద్దాల పైన ఉండే అడ్డ కమ్మీలు). ఫ్రీ మోషన్ హెడ్‌ఫామ్ అనే 4.54 కిలోల కృత్రిమ తలని గంటకు 24 కిలోమీటర్ల వేగంతో ఆ చోట్లకి కొడతారు. తలకి తగిలిన దెబ్బ తీవ్రతని హెచ్‌ఐసీ(డి) అనే అంకెగా లెక్కకడితే అది 1000 దాటకూడదు.

24 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 6.67 మీటర్లు. తల ఆ వేగం నుంచి 25 మిల్లీమీటర్ల దూరంలో, ఒకే తీరుగా ఆగిందనుకోండి, దానిమీద పడేది సుమారు 90 జీ, అంటే భూమ్యాకర్షణకి 90 రెట్లు. అదే 5 మిల్లీమీటర్లలో ఆగితే 450 జీ పైమాటే. హెచ్‌ఐసీ సూత్రంలో ఈ జీ అంకె 2.5 ఘాతంలో ఉంటుంది. అందుకని 25 మిల్లీమీటర్లకి హెచ్‌ఐసీ(డి) 600 దగ్గర వస్తే, 5 మిల్లీమీటర్లకి 5000 దాటుతుంది. ఇది కాగితం మీద లెక్కే. అసలు ఫోమ్ అంత సమంగా నలగదు, రేకూ కొంత వంగుతుంది. అయినా ఆ రెండు సెంటీమీటర్లు లేకపోతే ఏమవుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. హెడ్‌లైనర్ గుడ్డ, దాని వెనక పల్చటి అట్ట లెక్కలోకి రావు, వాటి వెనకున్నది ఉక్కు.

కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ప్రతి గుద్దుకీ తెరుచుకోదు, సెన్సర్లు ఒక స్థాయి దాటితేనే తెరుస్తాయి. ఎయిర్‌బ్యాగ్ మడిచిపెట్టిన చోట్లకి కంపెనీ కావాలంటే 19 కిలోమీటర్ల వేగంతో పరీక్ష ఎంచుకోవచ్చు, అలా ఎంచుకుంటే బండిని పక్కకి నెట్టి స్తంభానికి గుద్దించే పరీక్ష అదనంగా నెగ్గాలి. అంటే ఎయిర్‌బ్యాగ్ ఉన్న చోట కూడా, అది తెరుచుకోనప్పుడు తల బతకాలనే నియమం రాసుకున్నారు.

ఇలాంటి తప్పు ఎలా జరుగుతుందంటే, సన్‌రూఫ్ ఉన్న హెడ్‌లైనర్, లేనిది చూపుకి దగ్గరగా ఉంటాయి, వెనక ఫోమ్ అమరిక మాత్రం వేరు. సరఫరాదారు దగ్గర వేడి జిగురుతో అతికించే దశలో ఒక ముక్క తప్పిపోయినా, లైన్లో బిగించాక ఎవరికీ కనబడదు. డ్యాష్‌లో లైటు వెలగదు, చప్పుడు రాదు.

బాడీషాప్_న్యూజెర్సీ

మీరే అతికించుకోవడం గురించి: వద్దండి. దుకాణంలో దొరికే మెత్తటి ఫోమ్ వేలితో నొక్కితేనే అడుగంటుతుంది, తల తగిలితే అది లేనట్టే. మరీ గట్టిదైతే నలగదు. ఫ్యాక్టరీ ముక్క సాంద్రత, మందం, ఆకారం ఆ చోటుకి లెక్కకట్టి పెట్టినవి. పైగా మీరు పెట్టిన ముక్క కర్టెన్ తెరుచుకునే దారిలో పడితే, ఉన్న రక్షణ కూడా పోతుంది.

డీలరు దగ్గర పని ఎలా జరగాలో తెలుసుకుని వెళ్ళండి. 12 వోల్టుల బ్యాటరీ నెగటివ్ తీసి, సర్వీస్ మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాలి. ఆ తర్వాత డోర్ రబ్బరు బీడింగు, గ్రాబ్ హ్యాండిళ్ళు, కోటు హుక్కులు, పిల్లర్ ట్రిములు తీస్తారు. చూడటానికి మాత్రమే అయితే అంచు కిందికి దింపితే సరిపోవచ్చు. మార్చాలంటే సన్ వైజర్లు, మ్యాప్ లైటు కూడా విప్పి, మొత్తం హెడ్‌లైనర్‌ని వంచకుండా వెనక డోరులోంచి బయటికి తేవాలి. వంచితే మడత గీత పడుతుంది, అది మళ్ళీ పోదు.

అన్నిటికన్నా ముఖ్యం పిల్లర్ ట్రిము క్లిప్పులు. కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న బళ్ళలో చాలావాటికి టెథర్ (తాడులా పట్టి ఉంచే) క్లిప్పులుంటాయి. బ్యాగు తెరుచుకున్నప్పుడు ట్రిము ఎగిరి మనిషికి తగలకుండా పట్టి ఉంచేవి అవే. ఎక్కువ మోడళ్ళలో వాటిని ఒకసారి తీస్తే మళ్ళీ వాడకూడదు. పని అయ్యాక ఇన్‌వాయిస్‌లో కొత్త క్లిప్పులు రాశారో లేదో చూడండి, రాయకపోతే అడగండి. ఇంజన్ వేయగానే ఎయిర్‌బ్యాగ్ లైటు కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. రూఫ్ అంచున వేలు నడిపిస్తూ ఎక్కడైనా ఉబ్బు ఉందేమో చూడండి. ఉంటే అక్కడ ఏదో సరిగా కూర్చోలేదన్నమాట.

కార్‌సీట్_అక్క

పిల్లల సంగతి. లోపం డోర్ల పైన కాబట్టి మధ్య సీటు దూరం. అయితే చాలా బళ్ళలో మధ్యలో కింది లాచ్ యాంకర్లు (పిల్లల సీటు తగిలించే కొక్కేలు) ఉండవు. అప్పుడు బాబు సీటుని సీటుబెల్టుతో బిగించి, ముందుకు చూసే సీటైతే పై టెథర్ (సీటు పైభాగాన్ని బండికి కట్టే పట్టీ) కూడా తగిలించండి. బిగించాక బెల్టు వెళ్ళే చోట పట్టుకుని ఊపితే అంగుళం కన్నా ఎక్కువ కదలకూడదు. పాప బూస్టర్‌కి భుజం మీదుగా వచ్చే మూడు పాయింట్ల బెల్టు తప్పనిసరి. ఇద్దరికీ మధ్య సీటు చాలదు కాబట్టి బాబుని హార్నెస్, పక్క రెక్కలున్న సీటుతో పక్కన ఉంచి, పాపని మధ్యకి మార్చడం నాకు సబబు అనిపిస్తుంది. మీ సీటు మాన్యువల్, బండి మాన్యువల్ రెండూ ఒప్పుకుంటేనే సుమా. మూడో వరస ఉంటే, లెటర్లో ఆ వరస పేరు లేదని చూసుకుని అక్కడ కూర్చోబెట్టొచ్చు.

కోటు హుక్కుకి హ్యాంగర్లు తగిలించొద్దు, కర్టెన్ తెరుచుకుంటే అవి దూసుకొస్తాయి. డాష్‌బోర్డు మీద అతికించిన వినాయకుడి విగ్రహానికీ ఇదే మాట. దేవుణ్ణి ఎయిర్‌బ్యాగ్ మూత మీద పెట్టకండి.

రీకాల్_పేపర్లు

కంపెనీ లోపం గురించి ఎన్‌హెచ్‌టీఎస్‌ఏకి (అమెరికా రోడ్డు భద్రతా సంస్థ) తెలిపాక 60 రోజుల్లో యజమానులకి ఉత్తరం పంపాలి, పార్టులున్నా లేకపోయినా. మీకొచ్చింది ఆ మొదటి ఉత్తరం. 17 అక్షరాల విన్ నంబరుని (బండి గుర్తింపు సంఖ్య) ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్లో వేసి చూసుకుంటూ ఉండండి. కొత్త రీకాల్‌లో విన్‌లు ఎక్కడానికి కొన్నిసార్లు ఆలస్యమవుతుంది, అందుకని ఒకసారి చూసి వదిలేయొద్దు. సెకండ్‌హ్యాండ్ బండైతే మీ అడ్రసు కంపెనీకి తెలపండి.

2015 నాటి ఫాస్ట్ యాక్ట్ అనే అమెరికా చట్టం తర్వాత, మొదటి కొనుగోలు నుంచి 15 ఏళ్ళలోపు వచ్చిన రీకాల్‌కి రిపేరు ఉచితం. విప్పి చూసినందుకు కూడా డబ్బు అడగకూడదు. అడిగితే కంపెనీ కస్టమర్ కేర్‌కి, అక్కడా తేలకపోతే ఎన్‌హెచ్‌టీఎస్‌ఏకి ఫిర్యాదు చేయండి.

సర్వీస్_హైదరాబాద్

తమ్ముడి బండి సంగతి: అమెరికా రీకాల్ ఇక్కడికి దానంతటది రాదు. ప్లాంటు, సరఫరాదారు, హెడ్‌లైనర్ పార్ట్ నంబరు వేరు కావచ్చు. కంపెనీ ఇండియా సైట్లో ఛాసిస్ నంబరు వేసి చూడమనండి, సర్వీస్ సెంటర్లో రాతపూర్వకంగా అడగమనండి. 2021 ఏప్రిల్ 1 నుంచి మన దగ్గరా రీకాల్ నిబంధనలు అమల్లో ఉన్నాయి, ఏడేళ్ళలోపు బళ్ళకి వర్తిస్తాయి.

గోదారి_ఆస్టిన్

అందరికీ ధన్యవాదాలు. పాపని ఈరోజే మధ్యకి మారుస్తాను. ఇంకొక్కటి: డ్యాష్‌క్యామ్ వైరు ముందు పిల్లర్ ట్రిము లోపల నుంచి లాగి ఉంది. డీలరుకి చెప్పాలా?

బాడీషాప్_న్యూజెర్సీ

తప్పకుండా చెప్పండి. వైరు ఎయిర్‌బ్యాగ్ మీదుగా పోతుంటే తీయించి, బ్యాగు వెనక నుంచి ఫ్యాక్టరీ వైర్ల పక్కన కట్టించండి. ట్రిము ఎటూ విప్పుతారు, అప్పుడే ఫొటో తీసి ఇవ్వమనండి.