ఇటాలియన్ నేర్చుకోవడానికి ఏడాది సెలవు: ఫ్లోరెన్స్‌కు వెళ్లాలా, చిన్న ఊరికా?

ప్రశ్న

నాకు నలభై రెండేళ్లు. పదహారేళ్లుగా ఆడిట్ ఉద్యోగంలో ఉన్న నాకు వచ్చే సెప్టెంబరు నుంచి ఏడాదిపాటు జీతం లేని సెలవు మంజూరైంది. ఆ ఏడాదంతా ఇటలీలో ఉండి, ఎదుటివారితో వాదించగలిగేంత ఇటాలియన్ నేర్చుకోవాలన్నది నా కోరిక. ప్రస్తుతానికి వచ్చినవి పలకరింపులు, అంకెలు, వర్తమాన కాల క్రియలు మాత్రమే. ఫ్లోరెన్స్ మంచిదని కొందరు, పెరూజా వంటి చిన్న నగరం మేలని మరికొందరు చెబుతున్నారు. ఇరవై ఏళ్ల పిల్లల మధ్య కూర్చుని నెగ్గుకు రాగలనా అన్న సంకోచం కూడా ఉంది. వెళ్లి వచ్చినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1

వయసు గురించి బెంగ వద్దు. నేను నలభై ఏడో ఏట వెళ్లాను. ఊరి విషయంలో మాత్రం నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. మొదటి నాలుగు నెలలు ఫ్లోరెన్స్‌లో ఉన్నాను. ముందురోజు రాత్రి కూర్చుకున్న వాక్యాన్ని కాఫీ కౌంటరు దగ్గర అప్పజెప్పగానే, అవతలి కుర్రవాడు నా యాస విని ఇంగ్లిష్‌లోకి మారిపోయేవాడు. తరగతిలో అందరం విదేశీయులమే కావడంతో విరామంలోనూ ఇంగ్లిషే నడిచేది. తరువాత పెరూజాకు మారి, ఇంగ్లిష్ ముక్క రాని ఒక పెద్దావిడ ఇంట్లో గది తీసుకున్నాను. సీసాలు, కాగితాలు, వంటింటి చెత్త ఏ రోజు ఏ డబ్బాలో వేయాలో ఆవిడ మూడుసార్లు చెప్పింది. నాలుగోసారి నేనే ఆవిడకు తిరిగి అప్పజెప్పాను. తడుముకోకుండా నేను మాట్లాడిన మొదటి పెద్ద వాక్యం అదే. అక్కడ, సియెనాలో కూడా, విదేశీయుల కోసమే ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. పెరూజా వారి 'చెలి', సియెనా వారి 'చిల్స్' అనే ఇటాలియన్ భాషా పరీక్షల ధ్రువపత్రాలకు గుర్తింపు బాగా ఉంది. ఏడాది చివర బి2, అంటే ధారాళంగా మాట్లాడగలిగే స్థాయి, పరీక్ష రాయాలని ఇప్పుడే నిశ్చయించుకుంటే చదువు సాగదీత లేకుండా నడుస్తుంది.

సమాధానం 2

కాగితాల సంగతి కూడా చూసుకోండి. 90 రోజులకు మించి ఉండే చదువుకు డి రకం వీసా కావాలి. ఇటలీలో అడుగుపెట్టిన 8 పనిదినాల్లోపు నివాస అనుమతికి, అంటే అక్కడివారు పెర్మెస్సో ది సొజ్జోర్నో అనే పత్రానికి, పోస్టాఫీసు ద్వారా దరఖాస్తు చేయాలి. వాళ్లిచ్చే రసీదును కార్డు చేతికొచ్చేదాకా పాస్‌పోర్టుతో సమానంగా దాచుకోండి. నాకు కార్డు అందేసరికి కోర్సు సగం అయిపోయింది. ఈ అనుమతి మీద వారానికి 20 గంటల వరకు పని చేయవచ్చు కానీ, దాని మీద ఆధారపడి బడ్జెట్ వేసుకోవడం తెలివైన పని కాదు.

సమాధానం 3

తెలుగువారికి ఒక వెసులుబాటు ఉంది. ఇటాలియన్‌లో ద్విత్వాక్షరం అర్థాన్నే మార్చేస్తుంది: నోన్నో అంటే తాత, నోనో అంటే తొమ్మిదవది. మన చెవికి ఈ తేడా పుట్టుకతోనే తెలుసు. వయసు చెప్పేటప్పుడు మాత్రం జాగ్రత్త: 'అన్ని' అంటే ఏళ్లు, ఒక నకారం జారి 'ఆని' అయితే మలద్వారాలు! మీరు, నువ్వు అనే తేడా కూడా మనకు అలవాటే. అయితే వారి మర్యాద పదం 'లేయ్'కి 'ఆమె' అన్నప్పుడు వాడే క్రియారూపమే వస్తుంది. నా నాలుక దానికి లొంగడానికి రెండు నెలలు పట్టింది. ఒక్క మాట: ఎ1, అంటే మొట్టమొదటి స్థాయి, పాఠాలు ఇంటి దగ్గరే ముగించుకుని వెళ్లండి. క్రియారూపాలు వల్లె వేయడానికి ఇటలీ అద్దె కట్టనవసరం లేదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. పెరూజాకే వెళ్తాను, గది కూడా ఇంగ్లిష్ రాని ఇంట్లోనే వెతుకుతాను. సెప్టెంబరులోపు ఎ1 పూర్తి చేయడానికి ఈ వారమే మొదలుపెడుతున్నాను, 'అన్ని'తోనే.