ఇల్వెస్ హాకీ క్లబ్ ఛాంపియన్‌షిప్ గెలిచి నలభై ఏళ్లు. అయినా తంపెరెలో ఇంత అభిమానం ఎందుకు?

తంపెరె_కొత్త:
ఉద్యోగం మీద ఫిన్లాండ్‌లోని తంపెరె వచ్చాను. ఆఫీసులో ఐస్ హాకీ గొడవే. సగం మంది తప్పర, సగం మంది ఇల్వెస్. రెండూ ఈ ఊరి క్లబ్బులే, ఆడేదీ ఒకే నోకియా అరీనాలో. తప్పర 2022, 2023, 2024లో వరసగా ఫిన్లాండ్ ఛాంపియన్. ఇల్వెస్ ఆఖరుసారి గెలిచింది 1985లో. అయినా "చరిత్ర మాది" అంటారు. ఏమిటా చరిత్ర?

హెర్వాంత_వాసి:
నేను ఇల్వెస్ మనిషిని, ముందే చెప్తున్నా. క్లబ్ పెట్టింది 1931లో. మొత్తం 16 ఛాంపియన్‌షిప్‌లు, వాటిలో 13 మాకు 1936, 1962 మధ్యే వచ్చాయి. అప్పటికి ఫిన్లాండ్‌లో ఇండోర్ ఐస్ హాలే లేదు. మొదటిది, ఈ ఊరి హకమెట్సా, 1965లో తెరిచారు. అంటే ఆ కప్పులన్నీ ఆరుబయట గడ్డకట్టే చలిలో ఆడి గెలిచినవి. మంచు కురిస్తే ముందు రింక్ ఊడ్చాలి, ఎండ కాస్తే ఐస్ మెత్తబడిపోతుంది. 1950ల మధ్యలో కౌలుకతులో కృత్రిమ ఐస్ రింక్ వచ్చాకే కాస్త ఊపిరి పీల్చుకున్నారు. ఈ చలికాలం అక్కడికి వెళ్లండి. కంచె పక్కన నిలబడితే పక్ (ఆటలో కొట్టే రబ్బరు బిళ్ల) కంచె చెక్కకు తగిలిన దెబ్బ పాదాల దాకా తెలుస్తుంది.

నీలం_నారింజ:
తప్పరదీ పాత కథేనండీ. 1932లో స్వీడిష్ మాట్లాడేవాళ్లు టీబీకే పేరుతో పెట్టారు, 1955లో తప్పర అయింది. 1975లో ఎస్‌ఎం లీగా, అంటే దేశంలో పై స్థాయి హాకీ లీగ్, మొదలయ్యాక ఊళ్లో పైచేయి మాదే.

తంపెరె_కొత్త:
మరి 1985?

హెర్వాంత_వాసి:
తప్పర 1984లో గెలిచింది, 1986, 87, 88లోనూ గెలిచింది. ఆ మధ్యలో ఒక్క ఏడాది మాది. మా పెద్ద ఆటగాడు రైమో హెల్మినెన్ ఆ జట్టులో ఉన్నాడు. తర్వాత అమెరికా, స్వీడన్ తిరిగి, మళ్లీ ఇక్కడికే వచ్చి 2008 దాకా ఆడాడు. ఆరు ఒలింపిక్స్, దేశం తరఫున 331 మ్యాచ్‌లు. ఆయన జెర్సీ నంబరు ఇల్వెస్‌లో ఇంకెవరికీ ఇవ్వరు. ఆయన వెళ్లాక గడ్డు రోజులొచ్చాయి. కింది డివిజన్ జట్టును ఓడిస్తేనే లీగ్‌లో చోటు అనేంత టెన్షన్. ఆ రోజుల్లోనూ పసుపుపచ్చ, ఆకుపచ్చ మఫ్లర్లు కట్టుకుని హకమెట్సాకు వచ్చినవాళ్లున్నారు చూడండీ, మీ ఆఫీసులో "చరిత్ర మాది" అనేది వాళ్లే. ముందు ఊళ్లోని వాప్రిక్కి మ్యూజియం సెంటర్‌లో ఉన్న హాకీ మ్యూజియం చూసి, తర్వాత డెర్బీకి, అంటే ఈ రెండు జట్ల మ్యాచ్‌కి, టికెట్ కొనండి. ఆలస్యం చేస్తే దొరకదు.