‘మ్యాచ్‌డ్ సెట్’కి తెలుగేమిటి: జతా, జోడా, ఈడుజోడా?

గ్రూపులో అందరికీ నమస్కారం. ప్రశ్న చిన్నదే, దాని వెనక కథే కాస్త పొడుగు, ఓపిక పట్టండి.

మా మేనల్లుడికి ఎలక్ట్రిక్ గిటార్లు విప్పి బాగుచేయడం పిచ్చి. ఉద్యోగం వేరే, సాయంత్రమైతే చేతిలో సోల్డరింగ్ ఐరన్. ఈమధ్య తెలుగులో వీడియోలు కూడా మొదలెట్టాడు. మొన్నటిది పికప్పుల మీద. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా: పికప్ అంటే గిటారు ఒంట్లో, తీగల కింద బిగించి ఉండే అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగితీగ కొన్ని వేల చుట్లు. పైన ఉక్కుతీగ ఊగితే కింద చుట్టలో కరెంటు పుడుతుంది, ఆంప్లిఫయర్‌లోంచి మనకి వినపడేది అదే. (మన ఊళ్ళలో పికప్ అంటే బండి పికప్పే, ఆ గొడవ వదిలేద్దాం.)

చాలా గిటార్లకి ఇవి రెండుంటాయి, ఒకటి మెడ పక్కన, ఒకటి బ్రిడ్జి (గిటారు ఒంటి మీద తీగల్ని మోసే ముక్క) పక్కన. రెండూ కలిపి అమ్మేటప్పుడు డబ్బా మీద ‘మ్యాచ్‌డ్ సెట్’ అని ఉంటుంది. దాన్ని మావాడు ‘సరిసమానమైన రెండు పికప్పులు’ అన్నాడు. బ్రిడ్జి పికప్‌ని ‘వంతెన పికప్’ అన్నాడు. వంతెనకి నవ్వాగలేదు గానీ ‘సరిసమానం’ దగ్గర నవ్వు రాలేదు, ఎందుకంటే అది మాటలోనే కాదు, విషయంలో కూడా తప్పు, పైగా ఆ తప్పుకి వాడే ఓసారి డబ్బు పోసుకున్నాడు.

పోయినేడు ఒక పాత గిటారుకి అచ్చుగుద్దినట్టు ఒకేలాంటివి రెండు కొని బిగించాడు. ‘సెట్టే బాబూ’ అని కొట్టువాడు చెప్పాడట. మీట పైకి పెట్టి మెడ దగ్గరదానితో వాయిస్తే గదంతా గుమ్మంటోంది. మీట కిందికి నొక్కి బ్రిడ్జి దగ్గరదానికి మారితే, అదే తీగ, అవే వేళ్ళు, పక్కింట్లో రేడియో మోగుతున్నట్టు అయిపోతోంది. ఎందుకో అర్థం కావాలంటే బట్టలారేసే దండెం ఒకసారి పట్టుకుని ఊపండి. నడిమధ్యలో జానెడు ఊగుతుంది, మేకు దగ్గర వేలెడు కూడా కదలదు. గిటారు తీగకి బ్రిడ్జే ఆ మేకు. అక్కడ ఊపు తక్కువ కాబట్టి అక్కడ పెట్టే పికప్‌కి సాధారణంగా కాసిన్ని చుట్లు ఎక్కువ వేస్తారు. అంటే ఆ రెండూ మ్యాచ్ అయ్యేది సమానంగా ఉండి కాదు, తేడాగా ఉండి. ఇంకో సంగతి, తీగలు మెడ దగ్గర దగ్గరదగ్గరగా ఉండి బ్రిడ్జి వైపు వెళ్ళేకొద్దీ విచ్చుకుంటాయి, అందుకని చాలా సెట్లలో పికప్ మీది బుడిపెల వరస మెడవైపు దాదాపు 50 మిల్లీమీటర్లుంటే బ్రిడ్జివైపు 52, 53 దాకా ఉంటుంది. అటుదిటూ ఇటుదటూ మార్చి బిగిస్తే తీగ బుడిపెకి ఎదురుగా రాదు.

దీనికి తెలుగులో ఏమనాలి అని వాడు అడిగితే నాకు తోచింది ‘ఈడుజోడు’. ఒప్పుకుంటారా?

జవాబు, కడప నుంచి:

జత అంటే సరిపోదా అన్నా? జత పికప్పులు. రెండక్షరాలు. మా వైపు జత ఎద్దులు, జత చెప్పులు, జత బట్టలు అన్నీ జతలే. ఈడుజోడు అంటే పెళ్ళిచూపులు గుర్తొస్తాయి.

నా మాట:

జత తప్పని కాదు తమ్ముడూ. కానీ జత లెక్క చెబుతుంది, రెండు ఉన్నాయని. కుదిరాయో లేదో చెప్పదు. జోడు అలా కాదు. కళ్ళజోడు చూడు, కుడి అద్దం పవరు వేరు, ఎడమ అద్దం పవరు వేరు, ఏ కంటికి ఎంత కావాలో అంత. రెంటికీ ఒకే పవరు వేస్తే అది సమానం అవుతుందేమో గానీ మనం గోడకి గుద్దుకుంటాం. చెప్పుల జోడైనా అంతే, కుడిది ఎడమకి పట్టదు. పాత కావ్యాల్లో కవచాన్నీ జోడు అన్నారు, అది వేరే దారి, దాన్ని ఇక్కడికి లాక్కురాను. నువ్వన్న ఎద్దుల్లోనే ఉంది జవాబు, కాడికి కట్టేటప్పుడు దేన్ని ఎటు కడతారు?

జవాబు, కడప నుంచే:

దాపట, అంటే ఎడమ పక్క, అలవాటైనదాన్ని దాపటే కడతాం. వలపటకి మారిస్తే రోజంతా సతాయిస్తుంది. సరే, పాయింటు అర్థమైంది, కానీ జత నాకు ఇష్టం.

జవాబు, సిద్దిపేట నుంచి:

మా దిక్కు ఎలపట, దాపట అంటం. గిటారుకు కూడా గదే పెట్టుకోమను మీ అల్లుణ్ణి, ఎలపటి పికప్పు, దాపటి పికప్పు. వంతెన కంటె నయమే.

జవాబు, వీణ నేర్పే ఒక మేడమ్:

వంతెన మాట ముందు తీసేయించండి బాబూ. వీణ మీద తీగల్ని మోసేదాన్ని మనం గుర్రం అంటాం. తమిళులు కుదిరై అంటారు, కన్నడంలో కుదురె, అన్నీ గుర్రాలే. తీగల బరువు వీపున మోస్తుంది కాబట్టి ఆ పేరు ఎంత బాగా అతికిందో చూడండి. వంతెన మీద మనం దాటుతాం, దీని మీద ఎవరు దాటుతున్నారు? ఫ్రెట్లకి మెట్లు, తీగలు బిగించేవాటికి బిరడాలు, మెడకి దండి. అన్ని పేర్లూ చేతిలో పెట్టుకుని నిఘంటువులో బ్రిడ్జికి అర్థం వెతుకుతారేమిటి పిల్లలు! పికప్‌కి మాత్రం పికప్పే అననివ్వండి. పాలకొల్లు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకుని కచేరీలు చేసినప్పుడే ఆ వస్తువు మన సంగీతంలోకి వచ్చేసింది, పేరు కోసం ఎవరూ ఆగలేదు.

నా మాట:

గుర్రం పికప్! మేడమ్, మీకు దండం. వాడికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను. ‘మామయ్యా, కామెంట్లలో ఆడుకుంటారు’ అంటున్నాడు. ఆడుకోనీ.

జవాబు, బెంగళూరులో గిటార్లు బాగుచేసే తెలుగాయన:

మీ దండెం ఉదాహరణ బాగుంది, కానీ సమానమైనవి పెడితే పాపమేమీ కాదండీ. గిబ్సన్ గిటార్ల కంపెనీవాళ్ళ హంబకర్ (రెండు చుట్టల పికప్) సంగతి తీసుకోండి. వాళ్ళ ఇంజినీరు సెత్ లవర్ దానికి 1955లో పేటెంటు దరఖాస్తు పెట్టాడు, వచ్చింది 1959లో. ఆ రోజుల్లో వచ్చిన చాలా పికప్పుల అడుగున ‘పేటెంటుకి దరఖాస్తు చేయబడినది’ అన్న అర్థంలో చీటీ ఉండేది, వాటి కోసమే జనం ఇవాళ ఆస్తులు అమ్ముకుంటున్నారు. వాటిని మెడకొకటి, బ్రిడ్జికొకటి అని వేరుగా చుట్టలేదు. చుట్లు కూడా అంత కచ్చితంగా లెక్కపెట్టలేదు, ఒకదాని నిరోధం (కరెంటుకి రాగితీగ పెట్టే అడ్డు) ఏడున్నర వేల ఓములుంటే ఇంకోదానిది ఎనిమిదిన్నర వేలు, ఏది చేతికొస్తే అది బిగించారు. అందులో కుదిరినవి కుదిరాయి. ‘మ్యాచ్‌డ్’ అని డబ్బా మీద వేయడం తర్వాతి ముచ్చట.

మరి అప్పుడు ఎలా సర్దుకున్నారంటే, స్క్రూడ్రైవర్‌తో. పికప్ పక్కన రెండు మరలుంటాయి, తిప్పితే అది తీగకి దగ్గరవుతుంది, దూరమవుతుంది. ఆఖరి మెట్టు దగ్గర తీగని నొక్కిపట్టి, పికప్‌కీ తీగకీ మధ్య ఎంత సందుందో కొలవాలి, మెడవైపు 2.4 మిల్లీమీటర్లు, బ్రిడ్జివైపు 1.6. గిబ్సన్ గిటార్లకి మామూలుగా చెప్పే కొలత ఇది. మీ మేనల్లుడు డబ్బు తగలేసే ముందు మెడదాని మరలు రెండు తిప్పులు తిప్పి దించి చూశాడా?

ఇక ఫెండర్ కంపెనీ టెలికాస్టర్ గిటారు చూస్తే కథ తిరగబడుతుంది. 1950ల మొదట్లోనే అందులో రెండు పికప్పులు రెండు జాతులు. బ్రిడ్జిది పెద్దది, చుట్టలో 42 నంబరు రాగితీగ. మెడది చిన్నది, రేకు తొడుగు, 43 నంబరు తీగ, అంటే ఇంకా సన్నం. చూడ్డానికి అక్కాచెల్లెళ్ళు కూడా కావు. కానీ రెండూ కలిపి మోగించండి, ఆ ధ్వనికే మనుషులు ఆ గిటారు కొంటారు. కాబట్టి నా ఓటు జోడుకే, ఈడు మాట నాకు తెలీదు.

నా మాట:

దించాడా అని అడిగాను. దించలేదట. మరలు ఎందుకున్నాయో అప్పటికి తెలీదట. కొట్టువాడికీ తెలిసినట్టు లేదు.

జవాబు, ఒక ఇంజినీరింగ్ కుర్రాడు:

సార్, డంకన్ కంపెనీవాళ్ళ జేబీ అనే పికప్ బ్రిడ్జికి, వాళ్ళదే జాజ్ పికప్ మెడకి పెడుతుంటారు కదా, అందరూ బాగుందంటారు. జేబీ పదహారు వేల ఓములు పైన, జాజ్ ఏడున్నర వేల చిల్లర. రెట్టింపు తేడా. ఇందులో ఈడు ఎక్కడుంది?

జవాబు, బెంగళూరు ఆయన:

ఓములు చూసి పికప్ కొనడం చెక్కల బరువు చూసి పల్లకీలో ఎవరున్నారో చెప్పడం లాంటిది. సన్నటి రాగితీగ వాడితే అదే చుట్లకి ఓములు పెరుగుతాయి, జేబీలో తీగ సన్నం. రెట్టింపు ఓములంటే రెట్టింపు మోత కాదు. ఒకే తీగ, ఒకే రకం అయస్కాంతం ఉన్న రెండింటిని పోల్చేటప్పుడు ఓములు పనికొస్తాయి, లేకపోతే చెవే కొలబద్ద.

జవాబు, ఒక అక్క:

ఈడు అంటే వయసు కదండీ. ఈడొచ్చిన పిల్ల, నా ఈడువాడు. పికప్పులకి వయసేమిటి? పెళ్ళి మాటలు వస్తువులకి తగిలిస్తే నాకు ఎబ్బెట్టుగా ఉంటుంది.

నా మాట:

అక్కా, వయసు అన్నది ఆ మాటకి ఒక అర్థం. దాని పక్కనే సమానం, సాటి అన్న అర్థమూ ఉంది. ‘వాడికి ఈడైనవాడు లేడు’ అంటే వాడి వయసువాడు లేడని కాదుగా. తమిళంలో ఇప్పటికీ సాటిలేనిదాన్ని ‘ఈడు ఇణై’ లేనిది అంటారు, ఈడు అంటే సాటి, ఇణై అంటే జోడు, మన ఈడుజోడుకి అచ్చంగా అన్నదమ్ము. నాకు ఈ మాట నచ్చింది అందుకే. పికప్పుల విషయంలో రెండు పరీక్షలుంటాయి. మీట పైకీ కిందికీ మారిస్తే మోత ఒకేమట్టంగా ఉండాలి, అది ఈడు. మీట నడిమధ్యలో పెట్టి రెంటినీ ఒకేసారి మోగిస్తే కలవాలి, అది జోడు. మొదటిది స్క్రూడ్రైవర్‌తో సరిచేయొచ్చు. రెండోది కుదరకపోతే ఏం జరుగుతుందో మా ఇంట్లోనే చూశాం.

ఆ ఒకేలాంటి రెంట్లో ఒకటి తీసేసి, మెడవైపుకి వేరే కంపెనీది పాతది తెచ్చి బిగించాడు. విడివిడిగా వాయిస్తే రెండూ బంగారం. కలిపి వాయిస్తే పడిశం పట్టినవాడు ముక్కుతో పాడినట్టు, సన్నగా, లోపలంతా బోలు. ఒకదాని కరెంటు పైకి లేస్తుంటే రెండోదానిది కిందికి దిగుతోంది, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి. వాడు మల్టీమీటర్ ఓముల మీద పెట్టి, పికప్ బుడిపెల మీద స్క్రూడ్రైవర్ ఆనించి టక్కున లాగాడు. ఒకదానికి అంకె పైకి ఎగిరింది. రెండోదానికి కిందికి పడింది. అంతే, దొరికిపోయింది. మామూలుగా అయితే ఒక పికప్ నుంచి వచ్చే వైర్లు రెండూ తారుమారు చేస్తే సరి, కానీ దీనికి బయటి రేకు ఒక వైరుకే కలిసిపోయి ఉంది, అందుకని పికప్ విప్పి లోపలి అయస్కాంతాన్నే తిరగేశాడు. అర్ధరాత్రి పన్నెండుంబావుకి ‘మామయ్యా కుదిరింది’ అని మెసేజ్. చూడండి, కుదిరింది అన్నాడు, సమానమైంది అనలేదు.

జవాబు, రిటైరైన తెలుగు మాస్టారు:

ఇంత చర్చలో ఎవరికీ ‘ఉద్ది’ గుర్తురాలేదా? మా చిన్నప్పుడు చెడుగుడు ఆడేటప్పుడు ఇద్దరిద్దరు, బలంలో దీటుగా ఉన్నవాళ్ళు ఉద్దులుగా ఏర్పడి, చెరో దొంగపేరు పెట్టుకుని నాయకుల దగ్గరికి వచ్చేవాళ్ళు. నీకు సూర్యుడు కావాలా, చంద్రుడు కావాలా అని. ఒకడు అటు, ఒకడు ఇటు. రెండు జట్లూ సరితూగేవి. మీరనే ఈడు ఇదే. అన్నట్టు, దీటుని చాలామంది ‘ధీటు’ అని రాస్తారు, దానికి ఒత్తు లేదు.

నా మాట:

మాస్టారూ, ఉద్ది అద్భుతం. కానీ ఉద్దులు విడిపోయి ఎదురెదురు జట్లలో ఆడతారు, ఇవి ఒకే గిటారులో కలిసి మోగాలి. అందుకే జోడు వదల్లేను. ‘ఉద్దిగా చుట్టినవి’ అని మాత్రం వాడుకోవచ్చు, మోత సంగతి చెప్పేటప్పుడు.

జవాబు, కడప నుంచి:

అంతా బాగానే ఉంది అన్నా. ఫెండర్ వాళ్ళదే స్ట్రాటోకాస్టర్ గిటారుకి 1954 నుంచీ మూడు పికప్పులు. దానికేం చేస్తావు? ఈడూ జోడూ ఇంకా ఎవరు?

నా మాట:

దానికి వేరే పోస్టు పెడతాను తమ్ముడూ. ప్రస్తుతానికి మావాడి గిటారుకి రెండే. డబ్బా మీద మార్కర్‌తో ఒకదానికి ‘గుర్రం’ అనీ ఇంకోదానికి ‘మెడ’ అనీ రాసి ఫొటో పంపాడు. ఫొటో చూసి వాళ్ళమ్మ, ఇదేంట్రా గుర్రం మెడ అని రాసుకున్నావు, అందట.