మోబీ డిక్‌ని పోస్ట్‌మోడర్న్ సిద్ధాంతంతో చదవడం న్యాయమేనా?

ప్రశ్న

హెర్మన్ మెల్విల్ 1851లో రాసిన ఈ నవలని కొందరు పోస్ట్‌మోడర్న్ పద్ధతిలో, అంటే దేనికీ ఒకే స్థిరమైన అర్థం ఉండదన్న దృష్టితో చదువుతున్నారు. నాకది నచ్చడం లేదు. అర్థాన్ని తేల్చేది రచయిత కాదు, పాఠకుడే అని ఫ్రెంచి విమర్శకుడు రోలాఁ బార్త్ రాసిన ‘రచయిత మరణం’ వ్యాసం 1967 నాటిది. మహాకథనాల మీద, అంటే అన్నిటినీ ఒకే కథతో వివరించే సిద్ధాంతాల మీద నమ్మకం పోయిందని ఫ్రెంచి తత్వవేత్త ల్యోతార్ రాసింది 1979లో. మెల్విల్ 1841లో స్వయంగా తిమింగలాల వేట ఓడ ఎక్కినవాడు. కొవ్వు కాచే పొయ్యిలు, నూనె పీపాలు, ఆ చాకిరీ అంతా తెలిసి రాశాడు. దాన్ని మాటల ఆట అనేస్తే ఆ పనివాళ్లు ఏమైపోవాలి?

జవాబు

చాకిరీ సంగతి ఒప్పుకుంటానండి. కానీ సిద్ధాంతాన్ని ఎవరో బయటి నుంచి తెచ్చి రుద్దలేదు. కథకుడు తన పేరు ఇష్మాయేల్ అని చెప్పడు, అలా పిలవమంటాడు. 32వ అధ్యాయంలో తిమింగలాలని పుస్తకాల సైజుల్లాగా ఫోలియో, ఆక్టేవో అని విభజించి, చివరికి ఆ పని అసంపూర్తిగా వదిలేస్తాడు. ఇక 99వ అధ్యాయం చూడండి. మోబీ డిక్ అనే తెల్ల తిమింగలాన్ని మొదట చూసినవాడికి ఇస్తానని కెప్టెన్ ఆహాబ్ స్తంభానికి కొట్టిన బంగారు నాణెం దగ్గరికి ఒక్కొక్కరే వస్తారు. ఆహాబ్‌కి అందులో తానే కనిపిస్తాడు, ఓడ అధికారుల్లో స్టార్‌బక్‌కి దైవం, ఫ్లాస్క్‌కి పదహారు డాలర్లు, అంటే 960 చుట్టలు! చివర్లో పిప్ అనే కుర్రాడు “నేను చూస్తాను, నువ్వు చూస్తావు, అతను చూస్తాడు” అని వ్యాకరణం వల్లిస్తాడు. అర్థం చూసేవాడిని బట్టి మారుతుందని బార్త్ కంటే నూరేళ్ల ముందే నవలే చెబుతోంది కదా.

ప్రశ్న వేసినవారు

ఆ అధ్యాయం నాకూ ప్రాణం. కానీ అక్కడ ఆగిపోకండి, 133 దాకా రండి. తిమింగలం కనబడగానే టాష్టెగో, ఈటె విసిరే ఆదివాసీ, తానూ ఇంచుమించు అదే క్షణంలో చూసి కేక వేశానంటాడు. ఆహాబ్ ఒప్పుకోడు. అదే క్షణం కాదు, నాణెం నాదే అంటాడు. అర్థాలు ఎన్నయినా ఉండొచ్చండీ, బంగారం మాత్రం కెప్టెన్‌దే అయింది. చూసే హక్కు అందరికీ ఉంది, ఎవరు ముందు చూశారో తేల్చే అధికారం ఒక్కడికే ఉంది. మీ పద్ధతిలో ఈ అధికారానికి చోటుంటే నాకు అభ్యంతరం లేదు. నేను చదివిన వ్యాసాల్లో నాణెం కనిపించింది కానీ టాష్టెగో కనిపించలేదు.

జవాబు

నేనూ 99 దగ్గరే ఆగిపోయాను. ఈ రాత్రికి 133 మళ్లీ తీస్తాను.