విమానం కొనడం ఒక ఎత్తు, ఎగరేయడం ఇంకో ఎత్తు: తక్కువ బడ్జెట్ దేశాలు మొదటి రూపాయి దేని మీద పెట్టాలి?

సూర్యారావుపేట (చర్చ మొదలుపెట్టింది)

మా ఇంటికీ సముద్రానికీ మధ్య సరుగుడు చెట్లు తప్ప ఏమీ లేవు. 2019 నవంబరులో మన నేవీ, అమెరికా నేవీ కలిసి టైగర్ ట్రయంఫ్ విన్యాసాలు చేసినప్పుడు కాకినాడ తీరానికి వచ్చిన ఓడల్ని చూశాను. అప్పట్నుంచి ఈ విషయాలు చదవడం అలవాటైంది. మనది పెద్ద దేశం, మన లెక్క వేరు. నేను అడిగేది మధ్యరకం దేశాల గురించి. ఫిలిప్పీన్స్, మలేషియా, థాయ్‌లాండ్ లాంటివి. కాపాడుకోవాల్సిన సముద్రం ఎక్కువ, చేతిలో డబ్బు తక్కువ. అలాంటి దేశం ఎయిర్‌ఫోర్స్‌నీ నేవీనీ బాగుచేసుకోవాలంటే ముందు కొత్త విమానాలు కొనాలా, ఓడలా, మిసైళ్లా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదటి రూపాయి ఉన్నవాటిని నడపడానికి పెట్టాలి. మిగిలితేనే కొత్తది. 2018లో మలేషియా రక్షణ మంత్రి మొహమ్మద్ సాబు పార్లమెంటులోనే ఒప్పుకున్నారు, రష్యా నుంచి కొన్న 28 యుద్ధ విమానాల్లో ఎగరగలిగేవి నాలుగేనని. 18 సుఖోయ్‌లు, 10 మిగ్-29లు కలిపి ఆ లెక్క. అంత డబ్బు పోసి కొన్నవాటిలో 24 నేల మీదే ఉన్నాయి. ఒక ఆయుధం జీవితకాలంలో అయ్యే మొత్తం ఖర్చులో దాదాపు 70 శాతం దాన్ని నడపడానికీ, మరమ్మతులకీ పోతుందని అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ ఎప్పట్నుంచో చెబుతోంది. కొనేటప్పుడు మనకి కనిపించేది మిగతా 30 శాతమే. ఒప్పుకోనివాళ్లు ఎందుకు ఒప్పుకోరో చెప్పండి.

నరసాపురం కుర్రాడు

నేను ఒప్పుకోనండి. ఉన్నవాటిని నడపాలంటే ముందు ఏదో ఒకటి ఉండాలి కదా. ఫిలిప్పీన్స్ 2005లో ఎఫ్-5 విమానాలు పక్కన పెట్టేసింది. కొరియా నుంచి మొదటి రెండు ఎఫ్‌ఏ-50లు దిగింది 2015 నవంబరులో. పదేళ్లపాటు ఒక్క ఫైటర్ జెట్ లేదు. వాళ్ల నేవీలో రాజా హుమబోన్ అనే ఓడ రెండో ప్రపంచ యుద్ధం నాటిది, 2018 దాకా సర్వీసులో ఉంది. ఆ పదేళ్ల మధ్యలోనే, 2012లో, దక్షిణ చైనా సముద్రంలో ఉన్న స్కార్‌బరో షోల్ అనే దిబ్బ వాళ్ల చేతిలోంచి జారి చైనా చేతిలోకి వెళ్లిపోయింది. మరమ్మతు డబ్బు ఎంత ఇస్తే మాత్రం ఆ పాత సామానుతో ఎవర్ని ఆపుతారు?

నన్నడిగితే ఓడలూ విమానాలూ కాదు, ముందు మిసైళ్లు. 2022 జనవరిలో ఫిలిప్పీన్స్ మన దగ్గర బ్రహ్మోస్ కొంది. దాదాపు 37.5 కోట్ల డాలర్లకి మూడు తీర బ్యాటరీలు, అంటే ఒడ్డు మీంచి ఓడల మీదకి మిసైళ్లు వేసే దళాలు. 2024 ఏప్రిల్‌లో మొదటిది అందింది. మన హైదరాబాద్‌లోనే బ్రహ్మోస్ కేంద్రం ఉందని గర్వంగా చెప్పుకుంటాం, మరి ఆ మిసైల్ విలువ మనమే ఒప్పుకోకపోతే ఎలా? ఉక్రెయిన్‌నే చూడండి. చెప్పుకోదగ్గ నేవీ లేదు. 2022 ఏప్రిల్‌లో ఒడ్డు మీంచి నెప్ట్యూన్ మిసైళ్లు వేసి మాస్క్వా అనే రష్యా క్రూజర్‌ని ముంచేసింది.

తాళ్లరేవు పడవ

విమానాల సంగతి నాకు తెలీదు గానీ ఇంజన్ల సంగతి తెలుసు. మాది బోట్లు కట్టే ఇల్లు, వేటకి సొంత బోటు కూడా ఉంది. కొన్నేళ్ల కిందట నాన్న చవకగా వస్తోందని ఒక విదేశీ సెకండ్‌హ్యాండ్ ఇంజన్ కొన్నారు. మొదటి ఏడాది గుర్రంలా లాగింది. రెండో ఏడాది వేట నిషేధం ఇంకో పది రోజుల్లో అయిపోతుందనగా డీజిల్ పంపు పోయింది. కాకినాడలో లేదు, విశాఖలో లేదు, చెన్నైలో అడిగితే నలభై రోజులన్నారు. జూన్ 14 అర్ధరాత్రి రేవంతా లైట్లు. ఒక్కో బోటూ స్టార్ట్ అయ్యి ఏటి మొగ వైపు వెళ్లిపోతుంటే మాది గుంజకి కట్టే ఉంది. నాన్న గోనెసంచి పరిచి పంపు విప్పి, ఒక్కో ముక్కా డీజిల్‌తో కడిగి వరసగా పేర్చుకుని కూర్చున్నారు. మర్నాడూ అదే, ఆ మర్నాడూ అదే. ముక్కలు మెరిసిపోయేవి గానీ అరిగిపోయినది అరిగిపోయిందే. ఆ సీజన్‌లో మంచి వేటంతా పోయింది.

తర్వాత ఆ ఇంజన్ తుక్కుకి అమ్మి దేశవాళీది కొన్నాం. ధర ఎక్కువ, లాగుడు తక్కువ. కానీ నాజిల్ పోతే మధ్యాహ్నానికల్లా కొత్తది దొరుకుతుంది. మలేషియా వాళ్ల 24 విమానాల గురించి చదివితే నాకు ఆ గోనెసంచి గుర్తొచ్చింది.

రామచంద్రపురం మాజీ ఎయిర్‌మన్

తాళ్లరేవు తమ్ముడు చెప్పినదానికి మా దగ్గర ఒక పేరుంది, ఏఓజీ. అంటే స్పేర్ లేక నేల మీద ఆగిపోయిన విమానం. ఒకటి ఏఓజీ అయితే ఏం చేస్తారు? దాన్లోంచి ఒక వాల్వు పీకి పక్క విమానానికి వేస్తారు. రేపు ఇంకో భాగం. నెల తిరిగేసరికి మొదటిది డొల్ల అయిపోతుంది. లెక్క పుస్తకంలో మాత్రం రెండు విమానాలే.

మలేషియా అసలు ఇబ్బంది రష్యా సరుకు అని చాలామంది అంటారు. నేను అలా అనుకోను. అంత చిన్న ఎయిర్‌ఫోర్స్‌లో ఒకే కాలంలో రష్యా మిగ్-29లు, సుఖోయ్‌లు, అమెరికా ఎఫ్/ఏ-18లు ఎనిమిది, బ్రిటిష్ హాక్‌లు ఉన్నాయి. నాలుగు రకాలకి నాలుగు స్టోర్లు, నాలుగు టెస్ట్ బెంచీలు, నాలుగు శిక్షణలు. అమెరికా విమానానికి అంగుళాల స్పానర్, రష్యా విమానానికి మిల్లీమీటర్ల స్పానర్. మేం పని ముగించాక ఒక్కో పనిముట్టూ బోర్డు మీద దాని గీత మీదే పెట్టి లెక్క చూసేవాళ్లం. ఒక్క స్పానర్ తగ్గినా అది దొరికేదాకా విమానం కదిలేది కాదు. మర్చిపోయిన స్పానర్ కంట్రోల్ తీగల్లో ఇరుక్కుంటే పైలట్ ప్రాణం పోతుంది. ఈ పని చేసే మనిషి తయారవడానికి ఏళ్లు పడుతుంది. నాలుగు రకాల మీద చెయ్యి తిరిగినవాడు ఉండడు. కాబట్టి నా మాట: రకాలు తగ్గించు, ఒకే రకం ఎక్కువ కొను. 2023లో మలేషియా 18 ఎఫ్‌ఏ-50లు ఆర్డర్ ఇచ్చింది. అప్పుడు పోటీలో మన తేజస్ కూడా ఉంది, రాలేదని బాధగానే ఉంది. అయినా వాళ్ల వైపు నుంచి చూస్తే పక్క దేశాలు ఇప్పటికే ఎగరేస్తున్న విమానం కొనడం తెలివైన పనే.

ఇక నరసాపురం బాబూ, మిసైల్ గురించి. బ్రహ్మోస్ గొప్పదే, కాదనను. కానీ భూమి గుండ్రం. 30 మీటర్ల టవర్ మీద రాడార్ పెట్టినా, ఎత్తైన ఓడ అయితే నలభై, నలభై అయిదు కిలోమీటర్ల దగ్గర కనపడుతుంది. అంతర్వేది ఒడ్డున నిలబడితే దూరంగా పోయే ఓడ అడుగు ముందు మాయమై పైభాగం చివర్న మాయమవుతుంది చూడు, అదే లెక్క. నీ మిసైల్ 290 కిలోమీటర్లు వెళ్తుంది. మిగతా 245 కిలోమీటర్ల అవతల ఏ ఓడ ఉందో, అది యుద్ధనౌకో చేపల ఓడో ఎవరు చెబుతారు? గస్తీ విమానం చెప్పాలి, డ్రోన్ చెప్పాలి, ఉపగ్రహం చెప్పాలి. మిసైల్ కన్నా ముందు కన్ను కొనాలి.

నరసాపురం కుర్రాడు

బాబాయ్, ఇది నేను ఆలోచించలేదు. ఫిలిప్పీన్స్ 2020లో జపాన్ నుంచి నాలుగు రాడార్లు ఆర్డర్ ఇచ్చిందని చదివాను, అవి గగనతలానికి. సముద్రం మీద దూరానికి గస్తీ విమానాలే అనుకుంటా. సరే, కన్ను ముందు. కానీ మిసైల్ రెండో స్థానం నుంచి దిగదు.

అమలాపురం మాస్టారు

థాయ్‌లాండ్ పేరెత్తి ఎవరూ దాని గురించి చెప్పలేదు. 1997 మార్చిలో వాళ్లు చక్రి నరుబెట్ అనే విమానవాహక నౌకని నేవీలో చేర్చుకున్నారు. స్పెయిన్‌లో కట్టించారు. విమానాలు కూడా స్పెయిన్ వాడినవే, పాత హారియర్లు తొమ్మిది. అదే ఏడాది జులైలో వాళ్ల కరెన్సీ బాత్ కుప్పకూలింది, ఆసియా ఆర్థిక సంక్షోభం అక్కడే మొదలైంది. ఇంధనానికీ స్పేర్లకీ డబ్బు డాలర్లలో కట్టాలి. ఓడ ఎక్కువ కాలం రేవులోనే గడిపింది. 2006లో హారియర్లు కూడా వెళ్లిపోయాయి. ఓడకి విమానవాహక నౌక అనే పేరు మిగిలింది, దాని మీద మోయడానికి ఒక్క ఫైటర్ లేదు.

నేను అర్థశాస్త్రం చెబుతాను కాబట్టి నాకు ఇందులో కనిపించేది రూపాయి విలువ. బడ్జెట్ సొంత కరెన్సీలో, చెల్లింపులు డాలర్లలో ఉన్న దేశానికి సామాను ధర ఒప్పందం రోజున తేలదు, ముప్ఫై ఏళ్లు మారుతూనే ఉంటుంది. మన డెల్టాలో వేసవిలో కాలువలు కట్టేసి పూడిక తీస్తారు, లాకుల తలుపులు బాగుచేస్తారు. ఒక ఏడాది తీయకపోతే ఏం కాదు, నీళ్లొస్తాయి. రెండో ఏడాదీ వస్తాయి. మూడో ఏడాది శివారు చేలకి అందవు. ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట పూర్తయింది 1852లో. ఇన్నేళ్లూ చివరి చేను తడిసిందంటే ఆనకట్ట ఒక్కటే కారణం కాదు, ఏటా పార పట్టుకుని కాలువలోకి దిగిన మనుషులు కూడా.

యానాం అక్క

ఇంతవరకూ అందరూ కొనడం గురించే మాట్లాడారు. కట్టుకోవడం గురించి ఒక్కరూ అనలేదు. మన నది పేరుతోనే ఒక యుద్ధనౌక ఉండేది, ఐఎన్‌ఎస్ గోదావరి. 1983 డిసెంబరులో నేవీలో చేరింది, 2015 డిసెంబరులో రిటైరైంది. మా నాన్నగారు ఆ తరగతి ఓడల్లో బాయిలర్ రూంలో పనిచేశారు. ఆయన ముంజేతుల మీద ఆవిరి మచ్చలు చిన్నప్పుడు వేలితో తడిమేదాన్ని.

ఆ ఓడ ఎలా కట్టారో చూడండి. ముందు బ్రిటిష్ లియాండర్ డిజైన్ లైసెన్స్ మీద తీసుకుని ముంబయి మజగావ్ డాక్‌లో నీలగిరి తరగతి ఓడలు ఆరు కట్టారు. మొదటిది 1972లో వచ్చింది. చెయ్యి తిరిగాక అదే డిజైన్‌ని సాగదీసి గోదావరి కట్టారు. ఆవిరి ఇంజన్లు తెలిసినవే. దాని మీద సోవియట్ మిసైళ్లు పెట్టారు, రెండు సీ కింగ్ హెలికాప్టర్లు ఎక్కించారు. కొత్తగా కనిపెట్టింది కొంచెమే, తెలిసినదాన్ని పొందిగ్గా కలపడం ఎక్కువ. డబ్బు లేని రోజుల్లో చేసిన పని అది.

సూర్యారావుపేట

అక్కా, మీ నాన్నగారి గురించి చదివి చాలా సంతోషం వేసింది. కానీ సొంతంగా కట్టుకోవడం అన్ని దేశాలకీ అచ్చిరాలేదు. మళ్లీ మలేషియానే. సొంత రేవులో ఆరు యుద్ధనౌకలు కట్టాలని 2014లో 900 కోట్ల రింగిట్‌లకి ఒప్పందం. మొదటిది 2019లో రావాలి. 2022లో వాళ్ల పార్లమెంటు ప్రజా పద్దుల కమిటీ చూసేసరికి 600 కోట్లు చెల్లించేశారు, ఒక్క ఓడా చేతికి రాలేదు. తర్వాత ఆరుని అయిదు చేసుకున్నారు, ఖర్చు 1,120 కోట్లకి పెరిగింది.

యానాం అక్క

అందుకే ఆరు నీలగిరుల సంగతి చెప్పాను. చెయ్యి తిరగకముందే పెద్దది మొదలుపెడితే అలాగే అవుతుంది. కట్టడం తప్పని మీరు దాన్నిబట్టి తేల్చకండి.

నరసాపురం కుర్రాడు

ఫిలిప్పీన్స్ మధ్యే మార్గం పట్టింది కదా. జోస్ రిజాల్ తరగతి ఫ్రిగేట్లు (మధ్యరకం యుద్ధనౌకలు) రెండు, కొరియాలో కట్టించారు, 2020లో ఒకటి, 2021లో ఇంకోటి వచ్చాయి. ఓడలకి 1,600 కోట్ల పెసోలు. గాల్లోకి నిలువుగా మిసైళ్లు వేసే గొట్టాలకి చోటు మాత్రం వదిలి, తర్వాత పెట్టుకుందామన్నారు. మన ఊళ్లో ఇల్లు కట్టేవాళ్లు డాబా మీద పై అంతస్తుకి చువ్వలు వదలరా? ఉన్నంతలో అది న్యాయమే.

తాళ్లరేవు పడవ

తప్పు కాదు తమ్ముడూ. కానీ సముద్రం పక్క ఊళ్లో ఆ చువ్వలు ఎన్నాళ్లుంటాయో నువ్వూ చూశావు.

అమలాపురం మాస్టారు

ఒక సంగతి ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదు. 1999లో ఫిలిప్పీన్స్ సియెరా మాద్రే అనే పాత ఓడని, చైనా కూడా తనదే అనే సెకండ్ థామస్ షోల్ అనే దిబ్బ మీద కావాలని ఎక్కించి అక్కడ సైనికుల్ని కూర్చోబెట్టింది. ఇప్పటికీ ఆ తుప్పు ఓడ మీదే కాపలా. వాళ్లకి బియ్యం, నీళ్లు తీసుకెళ్లే చిన్న పడవల మీద 2023, 2024లో చైనా కోస్ట్‌గార్డ్ నీటి ఫిరంగులు ప్రయోగించింది. అక్కడ బ్రహ్మోస్ వేయగలరా? నీళ్లు కొట్టినందుకు మిసైల్ వేస్తే యుద్ధమే. అక్కడ కావలసింది దెబ్బ తట్టుకుని నిలబడే తెల్ల ఓడలు, అంటే కోస్ట్‌గార్డ్ ఓడలు. జపాన్ అప్పుతో ఫిలిప్పీన్స్ కోస్ట్‌గార్డ్‌కి 44 మీటర్లవి పది, 97 మీటర్లవి రెండు వచ్చాయి. యుద్ధనౌకతో పోలిస్తే ఇవి చవక, రోజూ పనికొచ్చేవీ ఇవే. బడ్జెట్ గురించి మాట్లాడేటప్పుడు ఎయిర్‌ఫోర్స్, నేవీ అని రెండు పద్దులే రాస్తే ఈ మూడోది ఎప్పుడూ వెనకపడుతుంది.

సూర్యారావుపేట

మాస్టారూ, దీనికి నా దగ్గర జవాబు లేదు. నేను మొదట రాసినదాన్ని కొంత మార్చుకుంటున్నాను. నడిపే ఖర్చు ముందు అన్న మాట మీద ఇప్పటికీ ఉన్నాను. కానీ మిగిలినది ఫైటర్ల మీద కాదు, ముందు గస్తీ విమానాలు, కోస్ట్‌గార్డ్ ఓడల మీద పెట్టాలి. యుద్ధనౌకలు నెమ్మదిగా, ఒక్కటే డిజైన్. మిసైళ్ల మీద కుర్రాడితో నాకు ఇంకా తేడా ఉంది. శత్రువుని దూరంగా ఉంచడానికి అవి కావాలి, కానీ అవి ఉన్నాయి కదా అని గస్తీ తగ్గిస్తేనే ముప్పు.

తాళ్లరేవు పడవ

ఓడ కొన్నవాళ్లు దాన్ని ఏ రేవులో పైకెత్తి అడుగు గీకుతారో అది కూడా రాయండి. చెక్క బోటుకే ఏడాదికోసారి ఆల్చిప్పలు గీకి రంగు వేయకపోతే డీజిల్ తాగేస్తుంది, స్పీడు చస్తుంది. ఇనుప ఓడకీ అంతే.

రామచంద్రపురం మాజీ ఎయిర్‌మన్

మంచి ప్రశ్న తమ్ముడూ. ఫిలిప్పీన్స్‌లో సూబిక్ దగ్గర కొరియా కంపెనీ పెట్టిన పెద్ద షిప్‌యార్డ్ 2019లో దివాలా తీసింది. 2022లో చేతులు మారింది. ఉత్తర భాగం ఇప్పుడు వాళ్ల నేవీ అద్దెకి తీసుకుని స్థావరంగా వాడుతోంది. పెద్ద ఓడలు ఆగడానికి లోతైన రేవు దొరికింది వాళ్లకి. కొత్త ఫ్రిగేట్ల గురించి రాసినంతగా దాని గురించి ఎవరూ రాయలేదు.

నరసాపురం కుర్రాడు

బాబాయ్, ఆ సూబిక్ గురించి విడిగా ఒక చర్చ మొదలుపెడతారా? మన కాకినాడ రేవులో అలాంటి పని ఏం చేయొచ్చో కూడా అక్కడే అడగాలనుంది.