స్ట్రాటా: రాత్రి నానబెట్టి పొద్దున బేక్ చేయాలా, రాత్రే బేక్ చేసి ఉంచాలా?

గోదారిగట్టు:
అమెరికాలో క్రిస్మస్ సెలవుల పొద్దుటి వంటకం స్ట్రాటా గురించి అడుగుతున్నాను. బ్రెడ్డు ముక్కలు, చీజ్ పొరలుగా పేర్చి, గిలకొట్టిన గుడ్లు, పాలు పోసి అవెన్‌లో పెట్టేది. పదిమందికి, 9×13 అంగుళాల ట్రేలో, పొద్దున 8:30కి వడ్డించాలి. రాత్రంతా నానాల్సిందే అని కొందరు, గంట చాలని కొందరు, రాత్రే బేక్ చేసేసి పొద్దున వేడి చేసుకోమని ఇంకొందరు అంటారు. ఎలా చేసినా వచ్చే చిక్కు ఒకటే: మధ్యలో పచ్చిగా ఉంటుంది, అడుగున నీళ్లు చేరతాయి. ఏది సరైన పద్ధతి?

పొరలపొర:
రాత్రి నానబెట్టడమే సరైనదండీ. కాకపోతే బ్రెడ్డు ఎండి ఉండాలి. నిలవ బ్రెడ్డు, ఎండిన బ్రెడ్డు ఒకటి కాదు. కవర్లో మూడు రోజులున్న బ్రెడ్డు గట్టిపడుతుంది గానీ తేమ చాలావరకు లోపలే ఉంటుంది. అవెన్‌లో ఆరబెడితే ఆ తేమ పోతుంది, దాని చోటులోకి గుడ్డు, పాలు దిగుతాయి.

కొలతలు: ఫ్రెంచ్ బ్రెడ్డు లేదా గట్టి పైపొర ఉన్న సోర్‌డో (పులిసిన పిండితో చేసే బ్రెడ్డు) 450 గ్రాములు, అంగుళం ముక్కలు. 300 డిగ్రీల ఫారన్‌హీట్‌లో 15–20 నిమిషాలు ఆరబెట్టండి, మధ్యలో ఒకసారి కలపండి. రంగు మారకూడదు, రస్కులా పెళుసెక్కాలి. పెద్ద గుడ్లు 8, పాలు 3 కప్పులు (720 మి.లీ.), చెడ్డార్ చీజ్ తురుము 225 గ్రాములు, ఉప్పు ఒక చెంచా, ఆవపొడి అర చెంచా, మిరియాల పొడి. చీజ్‌లో ఎలాగూ ఉప్పుంటుంది కాబట్టి అంతకు మించి వేయొద్దు. మూత పెట్టి ఫ్రిజ్‌లో 8 నుంచి 12 గంటలు. పొద్దున మూత తీసి 350 డిగ్రీల్లో (175 సెల్సియస్) 50–60 నిమిషాలు.

ఉప్పుకల్లు:
కొలతలు బాగున్నాయి, కానీ "నానబెట్టడమే సరైనది" అన్నదాన్ని ఒప్పుకోను. మీరు చెప్పినట్టు ఆరబెట్టిన ముక్కలు, పైన బరువు పెడితే, గంట గంటన్నరలో నానిపోతాయి. ట్రే మీద ప్లాస్టిక్ షీటు బ్రెడ్డుకి ఆనేలా పరిచి, దానిమీద చిన్న ట్రే, అందులో రెండు బరువైన డబ్బాలు పెట్టండి. బరువు లేకపోతే పై ముక్కలు తేలుతాయి, రాత్రంతా ఉంచినా వాటి నడుమ పొడిగానే ఉంటుంది. ఒక ముక్కని చీల్చి చూడండి, లోపల తెల్లటి పొడి చుక్క లేకపోతే నానినట్టే.

రాత్రంతా నానబెట్టడం వంట చేసేవారి వీలు కోసమే, రుచి కోసం కాదు. శాండ్‌విచ్ బ్రెడ్డుతో అలా చేస్తే తెల్లారేసరికి జావ అవుతుంది.

ఇక అడుగున నీళ్లంటారా, దానికీ నానబెట్టడానికీ సంబంధం తక్కువ. అవి కూరగాయల నీళ్లు. పుట్టగొడుగులు వాటి నీరంతా ఇగిరి, పెనం పొడిగా అయ్యేదాకా వేయించాలి. ఫ్రోజెన్ పాలకూర కరిగాక బట్టలో కట్టి గట్టిగా పిండాలి. ఉల్లిపాయ పచ్చిగా వేయొద్దు, రాత్రంతా దాని ఘాటు పాలకు పడుతుంది. టమాటా గింజల గుజ్జు తీసేయాలి. వేయించినవన్నీ చల్లారాకే పేర్చాలి.

పొరలపొర:
కూరగాయల సంగతి నిజమే. కానీ పొద్దున గంటన్నర నానబెట్టి, గంట బేక్ చేసి, 8:30కి వడ్డించాలంటే అయిదున్నరకే లేవాలి. వీలు కోసమే అన్నారు కదా, ముందే చేసి పెట్టుకోవడమంటేనే వీలు. శాండ్‌విచ్ బ్రెడ్డు జావవుతుందన్నది సరే, అందుకే గట్టి బ్రెడ్డు చెప్పాను.

వెన్నపూస:
రాత్రే బేక్ చేసే పద్ధతిని ఇద్దరూ పట్టించుకోలేదు. దానికీ చోటుంది. బేక్ అయిన గుడ్డుని మళ్లీ బాగా వేడి చేస్తే ప్రోటీన్ ఇంకా బిగుసుకుని నీరు వదులుతుంది, అదే దీని లోపం. అందుకే రాత్రి ఎక్కువ కాలనివ్వకూడదు. సరిగ్గా మధ్యలో థర్మామీటరు గుచ్చితే 160 డిగ్రీలు (71 సెల్సియస్) చూపగానే తీసేయాలి. గుడ్డు వంటకాలకి క్షేమమైన హద్దు కూడా అదే. చాకు గుచ్చి చూడటాన్ని నమ్మొద్దు, కరిగిన చీజ్ అంటుకుని పచ్చిగా ఉన్నట్టు కనిపిస్తుంది.

వేడి ట్రేని నిండుగా ఫ్రిజ్‌లో పెడితే మధ్యభాగం చాలాసేపు గోరువెచ్చగానే ఉంటుంది. ముక్కలు కోసి, విడివిడిగా పరిచి, రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లోకి చేర్చండి. పొద్దున ఫాయిల్ కప్పి 325 డిగ్రీల్లో, లోపల 165 వచ్చేదాకా వేడిచేయాలి. పైన కరకరలాడదు, ఆ మేరకు నష్టమే. తలా ఒక వేళకి లేచే ఇంటికి మాత్రం ఇదే నయం. పదిమంది ఒకేసారి కూర్చుంటే నా ఓటు కూడా పొరలపొర గారికే.

చింతచిగురు:
హైదరాబాద్‌లో ఓటీజీతో (బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు అవెన్) చేసేవాళ్ల కోసం: 8 అంగుళాల చదరపు టిన్నుకి పైన చెప్పినదాంట్లో సగం చాలు. మన దగ్గర గుడ్లు చిన్నవి కాబట్టి నాలుగు కాదు, అయిదు వేయండి. మామూలు మిల్క్ బ్రెడ్డు మెత్తగా, తియ్యగా ఉంటుంది, దాన్ని ఇంకాస్త ఎక్కువసేపు ఆరబెట్టి, గంటకు మించి నానబెట్టకండి. కాబట్టి మిల్క్ బ్రెడ్డు వరకు ఉప్పుకల్లు గారి మాటే కరెక్టు. ఓటీజీలో పై రాడ్డు దగ్గరగా ఉంటుంది, 20 నిమిషాలకే పైన మాడుతుంది. మొదటి అరగంట ఫాయిల్ కప్పి, తర్వాత తీసేయండి.

గోదారిగట్టు:
నాది గాజు ట్రే. ఫ్రిజ్ నుంచి తీసి నేరుగా వేడి అవెన్‌లో పెట్టొచ్చా?

వెన్నపూస:
వద్దు. చల్లటి గాజుకి ఒక్కసారిగా వేడి తగిలితే పగలొచ్చు. స్టీలు లేదా అల్యూమినియం ట్రే వాడండి. గాజే ఉంటే బ్రెడ్డుని రాత్రి ఆరబెట్టి కవర్లో కట్టేయండి, గుడ్డు-పాలు జాడీలో ఫ్రిజ్‌లో ఉంచి, పొద్దున పేర్చి పోయండి. అప్పుడు మీకు ఉప్పుకల్లు గారి గంట పద్ధతే.

పొరలపొర:
లోహపు ట్రే అయితే లెక్క ఇదీ. 6:45కి ఫ్రిజ్ నుంచి తీసి, అవెన్ ఆన్ చేయండి. అరగంట బయట ఉంటే నడుమ చల్లదనం కాస్త తగ్గుతుంది, మధ్యలో పచ్చిగా మిగలడం చాలావరకు ఇక్కడే పోతుంది. 7:15కి లోపలికి. 8:05 నుంచి థర్మామీటరు చూడండి, 160 దాటాక తీసి పది నిమిషాలు కదపకండి. వెంటనే కోస్తే ముక్క నిలబడదు.